‘లెట్’ అను ఆంగ్లక్రియ



నేను ఆంగ్లపండితుడను గాను. బాల్యమున గురుసన్నిధిని అమరమును, రఘువంశమును, పిదప కొంత వ్యాకరణమును, అలంకారశాస్త్రమును చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా పల్లెటి పాఠశాలలలో తెలుగు చెప్పి, ఇప్పుడు హైదరాబాదు నగరమున లాలాపేటలో కాలము పుచ్చుచున్నవాడను. ఆంగ్లము నాకు చేతికర్రవంటిది. దాని నూతగొని నడవగలను గాని పరుగెత్తజాలను. అట్టి నేను ఒక ఆంగ్లక్రియను గూర్చి మాటలాడుటకు కారణమేమనగా, దాని యర్థమును నేనొకసారి తప్పుగా జెప్పి ఒక కుటుంబమును చిక్కులపాలు చేయబోయితిని. ఆ తప్పును ఒప్పుకొనక యీ విషయమును వివరించుట నాకు సాధ్యము గాదు.

ఆ క్రియ ‘లెట్’ అనునది. ఆంగ్లమున మూడక్షరముల మాట. లాలాపేట నుండి తార్నాక వైపునకు నడచినచో ప్రతి వీథిలోను ఈ మాట కన్నులబడును. విశ్వవిద్యాలయము దగ్గరగా నుండుటచేత విద్యార్థులకు గదులిచ్చు నిండ్లు ఇచ్చట పెక్కులు. గుమ్మమునకో, గోడకో ఒక అట్టముక్క వ్రేలాడుచుండును. దానిమీద ‘టు-లెట్’ అని వ్రాసియుండును. ఇల్లు అద్దెకిచ్చెదమని దాని భావము. ఆంగ్లము ఓనమాలు తెలియని పాలవాడు గూడ దీని నెరుగును. ఇక బడిలో చదువుకొనిన బాలు నడిగినచో, ‘లెట్’ అనగా పోనిచ్చుట, రానిచ్చుట, అనుమతించుట యని చెప్పును. ఈ రెండర్థములును మనకు వింతగా తోపవు. ‘పోనిచ్చు’, ‘రానిచ్చు’, ‘తిననిచ్చు’ అనునప్పుడును, ‘ఇల్లు అద్దెకిచ్చు’, ‘చేను కౌలుకిచ్చు’ అనునప్పుడును మనమును ఒక్క ‘ఇచ్చు’ ధాతువునే వాడుచున్నాము గదా! ఆంగ్లేయుల ‘లెట్’ చేయు పనులు రెండును మన ‘ఇచ్చు’ చేయుచున్నది. ఇంత సుళువుగా దొరికిన మాటను గూర్చి నాకు సందేహమే కలుగలేదు. తెలియని మాటయైనచో నిఘంటువు తీసి చూచియుందును. ఇది తెలిసినదే యనుకొంటిని గనుక తీయలేదు.

కొన్ని యేండ్ల క్రిందట, నేను పూర్వము నందిగామ ప్రాంతమున పనిచేసిన గ్రామమునుండి ఒక వృద్ధుడు మా యింటికి వచ్చెను. ఆయన నాకంటె పదియేండ్లు పెద్ద, సేద్యము చేయువాడు, రామాయణము నిత్యము పారాయణము చేయుదురు. ఆయన మనుమరాలు ఇంగ్లండు దేశమున పైచదువు చదువ నిశ్చయించుకొనినది. ఆమెకు పాసుపోర్టు పుస్తకము వచ్చినది. ఆ పుస్తకము మొదట భారత గణతంత్రమునకు రాష్ట్రపతియైనవారి పేరిట ఒక విన్నపము హిందీలోను ఆంగ్లములోను అచ్చువేయబడియుండును. గ్రామములో నొక యువకుడు చిన్న నిఘంటువును చూచి, అందులో ‘వితౌట్ లెట్’ అని యున్నది, ‘వితౌట్’ అనగా లేకుండ, ‘లెట్’ అనగా అనుమతి, కావున ఈ పిల్లకు అనుమతి లేదని వ్రాసినారని చెప్పెనట.

“పంతులుగారూ! మా పిల్లకు సెలవు లేదని వ్రాసిన పుస్తకమును మా చేతికే యెందుకిచ్చినారు? మీరు చదివి చెప్పవలెను” అని ఆయన దానిని నా చేత బెట్టెను.

నేను చదివితిని. అనుమతి లేదని పాసుపోర్టులో వ్రాయుదురా! అది పొసగదు. కాని ‘లెట్’ అనగా అనుమతి యనుటలో ఆ యువకునకును నాకును భేదము లేదు. కనుక కొంచెము తెలివి నుపయోగించి, “బాబాయిగారూ! అనుమతి లేదని గాదు, అనుమతి యక్కరలేదని. ఎవరి సెలవును అడుగనక్కరలేకయే పోవచ్చునని రాష్ట్రపతిగారే వ్రాసియిచ్చినారు” అంటిని. ఆయన ముఖము వికసించెను. “అటులైన ఆ వీసా యనునది యెందుకు? దానికి మరల చాల సొమ్ము కట్టుమనుచున్నారు గదా!” అని యడిగెను. వీసా సంగతి నాకంతగా తెలియదు. తెలియదని చెప్పవలసినది. చెప్పక, “వ్రాతలో ఉన్నది ఇది” అని యూరకుంటిని. పండితుల కది పాతజబ్బు.

మూడుదినములైన పిదప ఆ మనుమరాలు టెలిఫోనులో పిలిచినది. “మాస్టారూ! మా తాతయ్య వీసాకు డబ్బు కట్టనని కూర్చున్నాడు. రాష్ట్రపతి సంతకమున్నప్పుడు ఇంకొకరి సెలవెందుకని వాదించుచున్నాడు. మీరు చదివి చెప్పినారట. నా మాట వినడు, నాన్న మాట వినడు. గడువు దగ్గరపడుచున్నది” అనెను. ఆమె కంఠమున కోపము లేదు. భయమున్నది. నాకు సిగ్గుచేత నోట మాట రాలేదు. సాయంత్రములోగా చెప్పెదనని చెప్పి, ఆ వాక్యమును ఆమెచేత నెమ్మదిగా చదివించి కాగితముమీద వ్రాసికొని ముందుపెట్టుకొని కూర్చుంటిని.

ఇక నేను చదువుకొనిన శాస్త్రమేమి చెప్పుచున్నదో వినుడు. ఒక మాటకు పెక్కర్థము లున్నప్పుడు ఏ యర్థమును గ్రహింపవలెనను ప్రశ్న మనదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. ‘సైంధవము తెమ్ము’ అని యజమాను డనినాడు. సైంధవమనగా ఉప్పు, సైంధవమనగా గుఱ్ఱము. ఆయన విస్తరిముందు కూర్చున్నచో ఉప్పు తేవలెను, ప్రయాణమునకు తలపాగ చుట్టుకొనుచున్నచో గుఱ్ఱము తేవలెను. దీనికి ప్రకరణమని పేరు. భర్తృహరి తన వాక్యపదీయమున ఇట్టి సాధనములను పెక్కింటిని చెప్పినాడు. అందులో సాహచర్యమొకటి, విరోధమొకటి. ‘రామలక్ష్మణులు’ అన్నచో రాముడు దశరథపుత్రుడే. లక్ష్మణుడు ప్రక్కనున్నాడు గనుక. ‘రామార్జునులవలె పోరాడిరి’ అన్నచో ఆ రాముడు పరశురాముడు, ఆ అర్జునుడు కార్తవీర్యుడు, పాండవమధ్యముడు గాడు. అచ్చట పోరు నిర్ణయించినది. మాటయొక్క అర్థము మాటలో మాత్రమే లేదు, దాని ప్రక్కన కూర్చున్నవారిలో నున్నదని సారాంశము.

ఈ దీపమును చేతబట్టుకొని ఆ పాసుపోర్టు వాక్యమును చూచితిని. ‘లెట్’ ఒంటరిగా లేదు. దాని ప్రక్కన ‘ఆర్ హిండ్రెన్సు’ అని యున్నది. ‘ఆర్’ అనగా లేక, గాని. ‘హిండ్రెన్సు’ అనగా ఆటంకము. ఇది నాకు నిశ్చయముగా తెలిసిన మాట. అనుమతిగాని ఆటంకముగాని లేకుండ పోనిండు — ఇదేమి మాట? ‘అన్నముగాని ఆకలిగాని లేకుండ భోజనము చేయుము’ అన్నట్లున్నది. అనుమతి లేకుండ పోనిండు అనునది తనకు తానే విరుద్ధము. పోనిచ్చుటయే గదా అనుమతి! వాక్యమున యోగ్యత చెడినది. నిప్పుతో తడిపినాడు అన్న వాక్యమున యోగ్యత లేదని మాకు బాల్యమున చెప్పెడివారు. ఇదియు నట్టిదే. కావున ఈ ‘లెట్’ అనుమతి గాజాలదు. సాహచర్యమును బట్టి అది ఆటంకమునకు తోబుట్టువై యుండవలెను.

మరియొక సంగతి. ఈ వాక్యము ఎవరితో చెప్పబడినది? ఆ పిల్లతో గాదు. సంబంధించిన వారందరికిని, అనగా పరదేశపు అధికారులకు, రాష్ట్రపతి పేరిట చేసిన విన్నపమిది. మా యూరి మనిషిని మీ యూర అడ్డగింపక పోనిండు, అవసరమైనచో సహాయము చేయుడు అని ఒక గ్రామపెద్ద పొరుగూరి పెద్దకు చీటి వ్రాసినట్లు. చీటి మనది, తలుపు వారిది. తలుపు తీసెదమని వారు వేయు ముద్ర వీసా. మన చీటిని చూపి, తలుపు తీయనక్కరలేదని నేను చెప్పియుంటిని. నేను మాటను మాత్రమే చూచితిని గాని, పలికినవాడెవడు, వినువాడెవడు అని చూడలేదు.

ఇంకను నగుబాటైన సంగతి యొకటి కలదు. అదే పుటమీద హిందీలో అదే విన్నపమున్నది. సాయంత్రము ఆ పిల్ల దానినిగూడ చదివినప్పుడు, ‘లెట్ ఆర్ హిండ్రెన్సు’ ఉన్న చోట హిందీలో ‘రోక్ టోక్’ అని వినబడినది. రోక్ టోక్ అనగా అడ్డుటయు ప్రశ్నించుటయు. హైదరాబాదులో ఈ మాట తెలియనివాడెవడు? సమాధానము కంటికెదుట నుండగా, ఆంగ్లముమీది గౌరవముచేత నేను హిందీ పంక్తులను దాటిపోయితిని.

అర్థము తేలినది గాని, ఒక్కమాటకే పోనిచ్చుటయు అడ్డగించుటయు ఎట్లు అర్థములైనవి? ఇది తెలియనిచో నా మనస్సు కుదుటబడునట్లు లేదు. మా వీథిలోనే ఆంగ్లసాహిత్యము బోధించి విశ్రాంతి గైకొనిన ఆచార్యురా లొకరున్నారు. మరునాడు వారి యింటికి పోయితిని. ఒక మాటయర్థముకొరకు తలబ్రద్దలు కొట్టుకొనుట మా యీ ప్రాంతమునకు క్రొత్త గాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు బోధన ఉర్దూలో జరిగెడిది; ఆంగ్లము అందరును చదువవలసిన భాష. పాఠ్యగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు ‘దారుల్ తర్జుమా’ యను అనువాదశాల 1917లోనే యేర్పడినది. అచ్చటి పండితుల వృత్తియే యీ మాటకు సరియైన మాటయేది యని వెదకుట. 1958లో ఆంగ్లబోధనకు ఇచ్చటనే యొక కేంద్రసంస్థ వెలసినది. అదియే 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయ మైనది. ఇంత విద్య నడుమ నివసించుచు నేనిట్లు పొరబడితినని చెప్పగా ఆ యమ్మ నవ్వి, ఆక్సుఫర్డు మహానిఘంటువును తెరచి చూపినారు.

ఆ నిఘంటువును గూర్చి ఒక్కమాట చెప్పక ముందునకు పోలేను. దాని మొదటి భాగము 1884లో వెలువడినది. మొత్తము ముగియుటకు 1928 వరకు పట్టినది. ప్రతి మాటకును అర్థము చెప్పి యూరకుండక, ఏ యే కాలమున ఏ యే గ్రంథకర్త దానిని ఎట్లు వాడినాడో, ఆ వాక్యములను సంవత్సరములతో సాక్షులుగా నిలిపినారు. మన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అందులోను కావ్యప్రయోగములు సాక్ష్యముగా చూపబడినవి. అర్థమును నిర్ణయించునది ప్రయోగమే యని దేశమున కొకరు గాక అందరును గ్రహించియుండిరి.

ఆ గ్రంథమువలన తెలిసినదేమనగా, ‘లెట్’ అనునది ఒక క్రియ గాదు, రెండు క్రియలు. వేయేండ్లనాటి ఆంగ్లమున ‘లేటన్’ అని యొకటి యుండెను. విడుచుట, పోనిచ్చుట దాని యర్థము. ‘లెట్టన్’ అని మరియొకటి యుండెను. అడ్డగించుట దాని యర్థము. కాలక్రమమున తోకలు రాలిపోయి, అచ్చులు దగ్గరపడి, రెండును ‘లెట్’ అయి కూర్చున్నవి. ఆ రెండింటికిని ఇంకను మూలమున సంబంధమున్నదని శబ్దచరిత్రకారు లందురు గాని, క్రియలుగా అవి వేర్వేరు.

ఇది మనకును లేకపోలేదు. ‘పాలు కాచినది’, ‘చెట్టు కాచినది’, ‘కుక్క యిల్లు కాచినది’. ఒకటి వేడిచేయుట, ఒకటి ఫలించుట, ఒకటి రక్షించుట. మూడింటికిని రూపమొక్కటే. అయినను చెట్టు కాచినదన్నప్పుడు పొయ్యిమీద పెట్టినారని యెవరును భ్రమపడరు. మఱి ఒకే క్రియ వ్యతిరేకార్థము లిచ్చుటయు మనకున్నది. ‘ఈ నాణెము చెల్లును’ అన్నచో అది నడచుచున్నదని భావము. ‘కాలము చెల్లినది’ అన్నచో ఇక నడువదని భావము. ‘అప్పు చెల్లినది’ అన్నచో తీరిపోయినది. పరదేశీయుడు ‘చెల్లు’ అనుదానికి మొదటి యర్థమే నేర్చుకొని మన పత్రములు చదివినచో, తీరిన అప్పు ఇంకను నడచుచున్నదని తలచి మరల వసూలుకు వచ్చును.

ఇక ఆ అడ్డగించు ‘లెట్’ నకు జన్మమెక్కడ? ఆంగ్లమున ‘లేట్’ అను మాట మీ రందరు నెరిగినదే. బండి లేటు, బస్సు లేటు. ఆ ‘లేట్’ నకు పూర్వార్థము మెల్లనిది, మందమైనది యని. దానినుండి పుట్టిన క్రియ లెట్టన్. మెల్లన చేయుట, ఆలస్యము చేయుట, అందుండి అడ్డగించుట. ఇది వినగానే నాకు మన తెలుగు జ్ఞప్తికి వచ్చినది. తడయుట యనగా ఆలస్యము చేయుట. తడవు అనగా ఆలస్యము. తడ యనగా అడ్డు. ఆలస్యమునకును అడ్డునకును మన భాషలోను ఒక్కటే కుదురు! వాకిట కట్టు తడకకును ఇచ్చటనే పుట్టిల్లని నాకు తోచుచున్నది. ‘లెట్’ నకు తెలుగు తడ. ‘తడయు ఆటంకమును లేకుండ’ అని వ్రాసినచో పాసుపోర్టులోని ఆ రెండు మాటలకు సరిగా సరిపోవును. ఆ యమ్మకు ఈ పోలిక చెప్పగా వారు తమ పుస్తకపు అంచున పెన్సిలుతో వ్రాసికొనిరి. నా తప్పు సగము తీరినట్లు నాకు తోచినది.

సాహిత్యమున ఈ మాట యెట్లు తిరిగినదో వారే చూపించిరి. షేక్స్పియరు కవి హామ్లెట్ నాటకమున, మొదటి అంకమున, చనిపోయిన తండ్రియొక్క ప్రేతము సైగచేసి పిలుచుచుండగా రాజపుత్రుడు దానివెంట పోవ నుంకించును. మిత్రు లాతని చేతులు పట్టుకొని ఆపుదురు. ఆతడు కత్తి దూసి, తన్ను ‘లెట్’ చేయువానిని చంపెదనని బెదిరించును. ఇచ్చట ‘లెట్’ అనగా పోనిచ్చుట యన్నచో, తన్ను పోనిచ్చువానిని చంపెదననుచున్నాడని చెప్పవలసివచ్చును! చదువుకొనిన బాలురు గూడ ఇచ్చట తడబడుదురట. కాని రంగమును కన్నులయెదుట నిలుపుకొన్నచో తడబాటు లేదు. పట్టుకొన్న చేతులు, దూసిన కత్తి, ఇవియే నిఘంటువు.

1611లో ఇంగ్లండులో జేమ్సురాజు కాలమున ప్రకటింపబడిన బైబిలు అనువాదమునను ఇట్టి ప్రయోగము లున్నవి. మీ గ్రామములలో క్రైస్తవుల యిండ్లలో ఆ ప్రాత ఆంగ్లగ్రంథ మున్నచో, రోమీయులకు పౌలు వ్రాసిన లేఖ మొదటి యధ్యాయమును చూడవచ్చును. మీయొద్దకు రావలెనని పలుమారులు తలచితిని గాని యింతవరకు ‘లెట్’ అయితినని ఆయన చెప్పుకొనును. రావలెననుకొంటిని గాని అనుమతింపబడితిని అన్నచో ‘గాని’ యను మాటకు పనియేమి? ఆ ‘గాని’యే యర్థమును పట్టియిచ్చుచున్నది. అదే గ్రంథమున పోనిచ్చు ‘లెట్’ సహితము పుటపుటకు గలదు. అప్పటివారికి రెండును తెలియును. మనము గుడిలో గంట కొట్టుటను, దొంగను కొట్టుటను కలుపనట్లే వారును కలుపలేదు.

వ్యాకరణమువలనను ఒక గుర్తు తెలియుచున్నది. పోనిచ్చు ‘లెట్’ నకు తరువాత మరియొక క్రియ కావలెను. నన్ను లెట్ — ఏమి చేయ? పోవ, రాగా, తినగా. ఆ రెండవ క్రియ వచ్చువరకు వాక్యమున ఆకాంక్ష తీరదు. అడ్డగించు ‘లెట్’ నకు కర్మ యొక్కటి చాలును. నన్ను అడ్డగించువాడు, అంతతో మాట ముగిసినది. హామ్లెట్ మాటలో రెండవ క్రియ లేదు, ఆకాంక్షయు లేదు. ‘టు-లెట్’ అట్టముక్కమీద మాత్రము క్రియ యొక్కటే యున్నది గదా యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. అద్దెకిచ్చుట యనునప్పుడు ఇల్లే కర్మ, అది ఎదుటనే నిలిచియున్నది. ఇంటిగోడకు కట్టినదే ప్రకరణము. అడ్డగించుటకు ఈ యిల్లు అని యెవడును బోర్డు కట్టడు.

ఒకే రూపమున రెండు విరుద్ధక్రియలు ఎంతకాలము కాపురము చేయగలవు? ‘లెట్ హిమ్’ అని యజమాను డరచినచో సేవకుడు వానిని పట్టుకొనవలెనా, విడువవలెనా? కడకు పోనిచ్చునది యిల్లు నిలుపుకొన్నది. అడ్డగించునది వాడుకనుండి తొలగినది. తొలగినను పూర్తిగా చావలేదు. బంతియాట చోట ఒకటి మిగిలినది. టెన్నిసు ఆటలో మొదటి దెబ్బకు బంతి వలనుతాకి అవతల సరియైన చోట పడినచో ‘లెట్’ అందురు. అడ్డు తగిలినది, మరల కొట్టుమని భావము. మా వీథి బాలురు బ్యాడ్మింటను ఆడుచు రోజంతయు ఈ మాటను అరచుచుందురు. వారి కర్థము తెలియదు. ఆట మాత్రము తెలియును.

రెండవ చోటు చట్టపు వ్రాతలు. ఇది మీకు నాకంటె బాగుగా తెలిసిన లోకము. మీ పెట్టెలలోని ప్రాత క్రయపత్రములను తీసి చూడుడు. భూమిని అమ్మినవాడు నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములతో అమ్మినానని వ్రాసియుండును. నోట ఎవరైన ‘అక్షీణి’ యందురా? అనరు. అయినను పత్రమునుండి దానిని తీసివేయుటకు వ్రాయసకానికి ధైర్యము చాలదు. తీసినచో రేపు తగవు వచ్చునేమో! అందుచే చచ్చిన మాటలు పత్రములలో బ్రతికియుండును. ‘అడ్డు ఆటంకము’, ‘హక్కుభుక్తములు’ అని జంటలుగా వ్రాయుటయు మనకలవాటే. ఒకటి తప్పించుకొన్నను రెండవది పట్టుకొనును. ఆంగ్లేయుల లేఖరులును అంతియే. ‘లెట్’ ఒకటే చాలదని ‘హిండ్రెన్సు’ను జతపరచిరి. నేడు ‘లెట్’ పాతబడిపోయినను జంట విడదీయరానిది గనుక పాసుపోర్టులో నిలిచియున్నది. ‘హిండ్రెన్సు’ తోడులేనిచో మా వంటివారి కది యెన్నటికిని అర్థము గాకపోయెడిది.

ఆంగ్లమున ఇట్టి క్రియలు ఇంకను గలవు. ‘సఫర్’ అనగా నేడు బాధపడుట; ఆ 1611 నాటి గ్రంథమున, పిల్లలను తనయొద్దకు రానిండని యేసు చెప్పుచోట ‘రానిచ్చుట’కు అదే మాట. ‘ప్రివెంట్’ అనగా నేడు నివారించుట; ఒకప్పుడు ముందుగా పోవుట. ఇవి అర్థము మారిన మాటలు, ‘లెట్’ వలె కలిసిపోయిన మాటలు గావు. మన భారతమున ఉద్యోగపర్వమున్నది గదా! అందులో ఎవరికిని జీతము లేదు. యుద్ధమునకు ప్రయత్నమే ఉద్యోగము. మా తరగతిలో ఒక బాలుడు ధర్మరాజు ఉద్యోగము కొరకు ఎవరికి అర్జీ పెట్టినాడని యడిగినప్పుడు నేను నవ్వితిని. ‘లెట్’ విషయమున నేనును ఆ బాలుని బల్లమీదనే కూర్చుంటిని.

ఇక మా వృద్ధుని సంగతి. హిందీ పంక్తిని విన్న ఆ సాయంత్రమే టెలిఫోనులో ఆయనతో చెప్పితిని. “బాబాయిగారూ! నేను చెప్పినది తప్పు. అనుమతి యక్కరలేదని గాదు, అడ్డగింపవద్దని. అదియు మన పిల్లతో చెప్పినది గాదు, ఆ దేశమువారితో చెప్పినది. వారి సెలవు వేరుగా తీసికొనవలెను. వీసా సొమ్ము రేపే కట్టించుడు.” అవతల కొంతసేపు మాటలేదు. పిదప ఆయన, “పంతులుగారూ! మొదట ఆ కుర్రవాడు సెలవు లేదన్నాడు, తరువాత మీరు సెలవు అక్కరలేదన్నారు, ఇప్పుడు సెలవు కావలెననుచున్నారు. మాట ఒక్కటే గదా!” అనెను. మాట ఒక్కటి గాదు, రెండని చెప్పితిని. అది టెలిఫోనులో తేలు వ్యవహారము గాదు గనుక, హిందీలో రోక్ టోక్ అని యున్నదని చెప్పితిని. నిజామురాజ్యపు సరిహద్దు ఆయన బాల్యమున వారి యూరికి దగ్గరే, ఆ మాట వినగానే, “అదా!” అని, ఫోను మనుమరాలికిచ్చెను.

సొమ్ము గడువులోగా కట్టిరి. ఆమె ఆ శరదృతువున ప్రయాణమైనది. శంషాబాదు విమానాశ్రయమునకు పోవుచు త్రోవలో మా యింట ఆగి, నా భార్య పెట్టిన పెరుగన్నము తిని, “మాస్టారూ, అక్కడ నన్నెవరైన లెట్ చేసినచో మీకు ఫోను చేసెదను” అని నవ్వుచు పోయినది. ఆ పిల్ల మాటను సరిగా వాడినది.

సంక్రాంతి దాటినపిదప వృద్ధుడు మరల లాలాపేటకు వచ్చెను. ఈసారి చేత పాసుపోర్టు లేదు. పసుపుబారిన ఒక క్రయపత్రమున్నది, వారి తండ్రినాటిది. దానిని నా బల్లమీద పరచి, కండ్లజోడు సవరించుకొని, ‘ఆగామి’ యను మాటమీద వ్రేలు పెట్టి, “ఇన్నాళ్లు దీనిని చదువుచునే యున్నాను పంతులుగారూ. ఇది యేమి భోగము?” అని యడిగెను. ముందు రాబోవు ఆదాయమని నోటివరకు వచ్చినది. ఆగి, లోపలికిపోయి శబ్దరత్నాకరమును తెచ్చి మా యిద్దరి నడుమ పెట్టి, “ఉండుడు బాబాయిగారూ, ముందు దీని ప్రక్కనున్న మాటలను చదువుదము” అంటిని.